కొండ మీద కోసిన మెట్టు

పన్నెండేళ్లుగా ఒక మాటను మోస్తున్నాను. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. ఇక్కడి హిందీ దినపత్రికలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఊళ్లోవాళ్ల తప్పులు పేర్లతో సహా రాశాను. ఇది మాత్రం రాయలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో సూరన్న ఉండేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. రైల్వే వ్యాగన్లు బాగుచేసేచోట బ్రేకుల ఫిట్టర్. నాకంటే పదేళ్లు పెద్ద. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన క్వార్టర్ ముందు గదిలో నలుగురం చేరి బల్ల మీద యుద్ధం ఆడేవాళ్లం. వేలెడంత సైనికుల బొమ్మలు, పాచికలు, దూరం కొలవడానికి ఒక టేపు. పిల్లలాట అని ఇళ్లలో నవ్వేవారు. ఆ బల్ల మీది కొండలు, వాగులు, కూలిన గోడలు అన్నీ సూరన్న చేసినవే. టాటీబంధ్‌లో లారీ ఆఫీసుల వెనక పారేసిన థర్మాకోల్ ముక్కలు ఏరుకొచ్చి, వేడి తీగతో కోసి, మేకు మొనతో రాతి పగుళ్లు గీసేవాడు.

ఆ పనికి ఒక నియమం ఉంది. స్ప్రే డబ్బాలో రంగు నేరుగా తగిలితే థర్మాకోల్‌ని తినేస్తుంది. అందుకని ముందు తెల్ల జిగురులో నల్ల రంగు, సన్నటి ఇసుక కలిపి పూత వేయాలి. సూరన్న రెండు పూతలు వేసేవాడు. ఆరాక గోటితో గీకి చూసుకునేవాడు. వాళ్ల నాన్న అరవై దాటకుండానే సొంత ఇంటి దారి మర్చిపోయాడట. తనకీ అదే రాసిపెట్టి ఉందేమోనని సూరన్నకు భయం. ఏ పనైనా రెండుసార్లు చూసుకోవడం అందుకే.

పన్నెండేళ్ల కిందట మూడు నెలలు కూర్చుని ఒక పెద్ద కొండ చేశాడు. ఆ ఆదివారం దాని మీద ఆడాలి. గురువారం సాయంత్రం నేను వెళ్లేసరికి ఆయన ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. వదిన టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. రెండు పూతలూ ఆరి, గోటితో గీకి చూసిన గుర్తులతో కొండ వరండాలో ఉంది. నా వైపు ఉండబోయే వాలు మరీ నిటారుగా ఉంది. నా విలుకాళ్లు దాని మీద నిలబడరు. అప్పటికి వరసగా మూడు వారాలు ఓడిపోయి ఉన్నాను. పక్కనున్న కత్తి తీసి, రెండు వేళ్ల వెడల్పున ఒక మెట్టు కోశాను. తెల్లగా బయటపడ్డ చోట నల్లటి నీళ్ల రంగు పూసి కప్పేశాను.

ఎందుకు? ఒక ఆట గెలవడానికా? గెలిస్తే ఏమొచ్చేది? జిగురు పూత సంగతి తెలియదనీ అనలేను. కోసేటప్పుడు గుర్తు లేదు. టీ కప్పు చేతికొచ్చాక గుర్తొచ్చింది. ఆయన వచ్చేదాకా ఆగి చెప్పాల్సింది. టీ తాగి వచ్చేశాను.

శనివారం ఆయన బూడిద రంగు స్ప్రే కొట్టాడు. ఆదివారం మేం వెళ్లేసరికి, ఉప్పుగడ్డ మీద నీళ్లు పోసినట్టు, కొండ ఒక పక్క కరిగి లోపలికి కుంగిపోయి ఉంది.

"క్యా దాదా, పహాడ్ కా ఇడ్లీ బనా దియే? సాంబార్ కిధర్ హై?" అన్నాడు మాతో ఆడే దూబే, కొండను ఇడ్లీ చేసేశావా, సాంబారెక్కడ అని. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

సూరన్న నవ్వలేదు. ఆ గుంటలో వేలు పెట్టి తడుముతూ నా వైపు చూశాడు.

"తమ్ముడూ, లచ్చివారం నువ్వొచ్చినావంట గదా. ఈ పక్కన పూత ఉన్నాదా? సూసినావేటి?"

"చూడలేదన్నా."

"రెండు పాలి ఏసినట్టే గుర్తు. ఏసినానో, ఏసినాననుకున్నానో..."

"పోనీలే అన్నా. వయసు కదా, ఒక్కోసారి మర్చిపోతాం."

ఆ చివరి మాట ఆయన అడగలేదు. చూడలేదని ఊరుకున్నా సరిపోయేది. ఆ భయం సంగతి తెలిసి, సరిగ్గా అక్కడే ఎందుకు వేలు పెట్టాను? నా మీదికి రాకుండా ఆ క్షణం గడిస్తే చాలనుకున్నాను. గడిచింది.

ఆ వారమే సూరన్న పై అధికారిని కలిసి, తనను బ్రేకుల పని నుంచి తప్పించమని అడిగాడు. కొండ మీద మర్చిపోయినోడు బండి మీద మర్చిపోడా అన్నాడట. స్టోర్లోకి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే కూర్చుని బోల్టులు అందించాడు. మళ్లీ కొండ చేయలేదు. వేడి తీగ దూబేకి ఇచ్చేశాడు. మా ఆదివారాలు ఆగిపోయాయి. వదిన బలవంతం మీద డాక్టరుకు చూపించుకున్నాడు. జ్ఞాపకశక్తికి ఏమీ లోటు లేదని డాక్టరు చెప్పినా నమ్మలేదు.

ఆ తర్వాత పదేళ్లు బతికాడు. నేను వెళ్తూనే ఉన్నాను. ప్రతిసారీ చెబుదామనే బయలుదేరేవాణ్ని. ఆయన బాగోగులు అడిగి, టీ తాగి తిరిగొచ్చేవాణ్ని. రెండేళ్ల కిందట గుండె ఆగి పోయాడు.

కార్యక్రమాలన్నీ అయ్యాక వదిన ఆయన జేబు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టింది. అన్నీ ఒకే తీరు. గ్యాస్ కట్టేశాను. చూశాను. మళ్లీ చూశాను. తలుపు గడియ వేశాను. చూశాను. ఒక పేజీలో నా గురించి ఉంది. తమ్ముడు వచ్చాడు. టీ ఇచ్చాం. దాని కింద, కాస్త ఒత్తి రాసిన అక్షరాల్లో: నిజంగానే వచ్చాడు, కప్పు ఉంది.

ఆయన మర్చిపోవడం నేనెప్పుడైనా చూశానా అని వదిన అడిగింది. లేదన్నాను. అంతవరకే అన్నాను. మిగతాది ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో కూడా తెలియదు. ముందు ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి ఎదుట, ఈ నాలుగు ముక్కలు బయటపడాలి.

సూరన్న మర్చిపోలేదు. పూత వేశాడు. రెండుసార్లు వేశాడు. కోసింది నేను.