అమ్మ పన్ను, నా అబద్ధం

మా అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని జాలరిపేటలో అందరూ అంటారు. చేపల గంప నెత్తిన పెట్టుకుని నలభై ఏళ్లు వీధి వీధీ కేకేసిన నోరు అది. పైవరుసలో ముందరి పన్ను కదలడం మొదలయ్యాక ఆ కేక తగ్గిపోయింది. ఎవరితో మాట్లాడినా కొంగు అడ్డం పెట్టుకునేది.

"బోసినోటితో బేరమేటాడతానే" అని దిగులుపడేది.

నేను ఇంగ్లీషు మీడియం బడిలో టీచర్ని. ఆ పన్ను తీయించి, ఎముకలో స్క్రూ బిగించి కట్టే ఇంప్లాంట్ పెట్టిద్దామని, నా క్లాసు పిల్లాడి తండ్రే పళ్ల డాక్టరైతే ఆయన దగ్గరికే తీసుకెళ్లాను.

"చుట్టా, బీడీ అలవాటుందా?" అని అడిగాడాయన.

అమ్మది అడ్డపొగ. చుట్ట వెలిగించిన కొసని నోటి లోపల పెట్టుకుని కాలుస్తుంది. సముద్రపు గాలికి ఆరిపోదని మా పేట ముసలాళ్లందరికీ అదే అలవాటు. రేపు స్టాఫ్ రూములో తెలిస్తే ఏమనుకుంటారోనని నా ఏడుపు నాది.

"అలాంటివేం లేవండి" అన్నాను. అంగిలి నల్లబడిందేమంటే కిళ్లీ అన్నాను. అమ్మ నావైపు చూసి ఊరుకుంది.

ఆయన పట్టకారుతో పెరికెయ్యలేదు. సన్నటి బ్లేడు పంటికీ ఎముకకీ మధ్య దించి, చుట్టూరా కొంచెం కొంచెం వదులు చేస్తూ ముప్పావుగంట కూర్చున్నాడు.

"పన్ను ఎవరైనా పీకుతారు. ఎముక చిట్లకూడదు. పుండు మానాక బిగించే స్క్రూని పట్టుకోవాల్సింది అదే" అన్నాడు.

పన్ను వచ్చేసిన గుంతలో, కొత్త ఎముక కట్టేందుకు ఎముక పొడి నింపి కుట్టాడు. మా అమ్మని అంత ఓపిగ్గా ముట్టుకున్నవాళ్లని నేను చూడలేదు, నాతో సహా.

పొగ జోలికి పోవద్దని ఆయన చెప్పలేదు. చెప్పే అవసరం లేకుండా నేనే చేశాను. ఇంటికొచ్చాక కొన్నాళ్లు మానెయ్యమ్మా అన్నాను గానీ, ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. నాలుగో రోజు పొద్దున్నే చుట్ట వెలిగించింది.

నెల తిరక్కుండానే కుట్లు విడిపోయి, చీముపట్టి, అమ్మ నోరు కంపు కొట్టింది. డాక్టరు ఎక్స్‌రే తీసి చూశాడు.

"ఎముక పోయింది. ఇక్కడ ఇంక స్క్రూ నిలబడదు" అన్నాడు. తర్వాత అమ్మనే అడిగాడు. "పొగ తగిలితే పుండు ఇలా మానదు. నిజం చెప్పమ్మా, చుట్ట తాగుతావా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేదు బాబూ. మా పిల్ల సెప్పింది కదా."

ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు, పొరపాటు తనదేనేమోనని. నేను అప్పుడు కూడా నోరు విప్పలేదు.