దవడ అంచు

మాచెర్ల క్వారీలలో నాపరాయిని పొర చెదరకుండా చీల్చగల పనివాడెవరని అడిగితే, గిట్టనివారు సైతం దానయ్య పేరే చెప్పేవారు. మిషను పేటలో కాపురం. ఆదివారం ప్రార్థనకు తప్ప సుత్తి, ఉలి విడిచి ఎరుగడు. 1946 వేసవిలో భూగర్భ శాఖ అధికారి మల్లికార్జునరావు గారు గోదావరి తీరపు అడవులలో దొరికిన నాలుగు రాతి దిమ్మలను రైలు మీద తెప్పించి, చీల్చే పనిని అతనికే అప్పగించారు. వాటిలో డైనోసారు అనే పూర్వకాలపు మహాజంతువు ఎముకలున్నవి. అది ఇంతవరకు ఎవరూ ఎరుగని జాతి అయితే దానికి పేరు పెట్టి, వర్ణన ప్రకటించాలని ఆయన సంకల్పం.

మూడు దిమ్మలు చక్కగా విడినవి. నాలుగవదానిలో మూరెడు దవడ ఎముక బయటపడింది. అధికారి పనిమీద సత్తెనపల్లి వెళ్ళిన రెండు రోజులలోనే పొరపాటు జరిగింది. అంచు కొట్టని పలక క్వారీ దాటితే పనివానికి తలవంపులు. ఆ అలవాటు కొద్దీ దానయ్య నాలుగంచులూ తిన్నగా చెక్కి, చెక్కులను ఎప్పటివలెనే మీరా సాహెబు సున్నపు బట్టీకి పోయే కుప్పలో వేశాడు.

తిరిగి వచ్చిన మల్లికార్జునరావు గారు పలకను చూచి, దవడ పై అంచును చూపి అడిగారు.

"దానయ్యా, ఇక్కడ నల్లగా, మొనలు తేలి ఏమైనా ఉండెనా?"

"ఉండయ్యి బాబూ, నల్ల పలుకులు. రాయికి మచ్చని కొట్టేశా."

"అవి దాని పళ్ళు. పళ్ళు లేనిదే ఇది కొత్త జాతి అని చెప్పలేను. పేరూ పెట్టలేను."

ఇరవై ఏళ్ళలో అతని చేతిలో చెడిన రాయి లేదు. కోపం లేకుండా పలికిన ఆ మాటకు దానయ్య నిలువలేక బట్టీ వద్దకు పరుగెత్తాడు. మీరా సాహెబు అప్పుడే చెక్కులను పేర్చి నిప్పు పెట్టబోతున్నాడు.

"సాహెబూ, ఆగు! అందులో పళ్ళుండయ్యి."

"ఎవురియ్యి? మీ మామవా?"

"నవ్వుతావేంది? డైనోసారుయి."

"దానికి పళ్ళూడితే నా బట్టీ ఆపాల్నా? ఒరేయ్, ఎండకి నీ బుర్ర చెడిందిరా!" అంటూనే సాహెబు కొరివిని పక్కన పెట్టాడు. "ఊఁ, కూచో. నేనూ ఏరతా. పిప్పిపన్నైతే మాత్రం నాకొద్దు."

ఇద్దరూ రెండు దినాలు చెక్కులను జల్లించి, కడిగి, ఏరారు. దవడలో తొమ్మిది పళ్ళ వేళ్ళుండగా దొరికినవి ఆరు పళ్ళు. ప్రతి పంటి అంచూ రెండు వరుసల రంపం వలె ఉన్నది. అటువంటి పన్ను ఏ గ్రంథంలోనూ వర్ణింపబడలేదని అధికారి నిర్ధారించారు. దవడ పై అంచు మాత్రం పొడి అయిపోయింది.

నవంబరులో వర్ణన సిద్ధం కాగా, మల్లికార్జునరావు గారు పలకను వెంట తీసుకొని మాచెర్ల వచ్చి దానయ్యకు తెలుగులో వినిపించారు. నది పేరూ, రంపపు పన్నూ కలిపి కూర్చిన లాటిన్ పేరు, ఎముక పొడవు, పళ్ళ కొలతలు. ఒక వాక్యం వద్ద ఆగారు.

"పై అంచు లేదని మాత్రం వ్రాశాను. కారణం వ్రాస్తే శాఖవారు నీకు మళ్ళీ పని ఇవ్వరు."

"అట్టా రాస్తే చదివినోళ్ళేమనుకుంటారు బాబూ?"

"మరొక జంతువు కొరికినదని అనుకోవచ్చు."

దానయ్య పలక అంచును వేలితో తడిమాడు. ఉలి గాట్లు ఒకే వరుసలో, ఒకే లోతున ఉన్నవి.

"కొరికింది నేను గదా. ఉలి దెబ్బని రాయండి."

మల్లికార్జునరావు గారు వాక్యాన్ని దిద్దారు. మరుసటి ఏడు శాఖవారి దిమ్మలు వేరొక ఊరికి పోయినవి.