కిందిమనిషి

మా బావ సామాను మోసేవాడు. ఆ మాట అంటే ఆయనకు కోపం. మోసేవాడు కాదట, దించేవాడట. ఎత్తడం ఎవడైనా ఎత్తుతాడు, గోడకు గీత పడకుండా దించినవాడే పనివాడు అని ఆయన వాదన. ఇళ్ళు మారేవాళ్ళ బీరువాలు, మంచాలు, ఫ్రిజ్‌లు ముప్పై ఏళ్ళపాటు మెట్లెక్కించాడు, మెట్లు దించాడు. నేను బడి ఆఫీసులో పనిచేస్తాను. పెన్ను కంటే బరువైనది ఎత్తిన పాపాన పోలేదని నన్ను 'గుమాస్తా' అనే పిలుస్తాడు. నేను ఆయన భార్యకు తమ్ముణ్ణి, కాబట్టి పడక తప్పదు.

మెట్ల మీద సామానుకు ఇద్దరు కావాలి. పైమనిషి, కిందిమనిషి. పైమనిషి ఒక చెయ్యి వేసి దారి చెబుతాడు: ఎడమకి, మెట్టు, ఇంకో మెట్టు, గోడ. బరువు మాత్రం కిందిమనిషిదే. అతని కళ్ళు సామాను మీంచి కదలవు, కాళ్ళు పైవాడి మాట నమ్మి నడుస్తాయి. బావ ఎప్పుడూ కిందిమనిషే. ఆయన జోడీని అందరూ సొరుగు అంటారు. చేరిన కొత్తలో సొరుగు ఊడదీయకుండా బల్లను మెట్ల మీద వంచాడట, అది జారి వచ్చి ఇంటాయన కాలి మీద పడింది. ఆ రోజుతో అసలు పేరు పోయింది.

చివరి రెండేళ్ళలో ఈ వరస తిరగబడింది. పై నుంచి మెట్లు చూస్తుంటే కళ్ళు తిరుగుతున్నాయని సొరుగు మొరపెట్టుకున్నాడు. 'సరే, నువ్వే కింద ఏడువు' అని బావ పైకి మారాడు. ఇక బావ ఇంటికి ఎవరొచ్చినా ఆ కథే. "నాలుగు మెట్ల మీంచి తొంగిచూస్తే కళ్ళు తిరిగే వీరుడండీ మావాడు!" అని సొరుగు ఎదుటే అనేవాడు. అందరితోపాటు సొరుగూ నవ్వేవాడు.

అలా ఉండగా ఒకరోజు ఏదో ఇంట్లో ఇనుప బీరువా దించుతుంటే బావ కుడికాలు కింద మడతపడింది. మెట్టు మీద కూలబడ్డవాడు మళ్ళీ తనంతట తాను లేవలేదు. వెన్నులో నరం నలిగిపోయిందన్నారు. ఆపరేషన్ చేస్తే తొడ వరకు పట్టు వచ్చింది, పాదం రాలేదు. చేతిలో గ్లాసు చెప్పకుండా జారిపోతుంది. పావుగంట కూర్చుంటే నడుము నిప్పులు పోసినట్టు మండుతుంది. ఇన్ని జరిగినా, ఆ రోజు గురించి ఆయన ఒకే ఒక్క మాట చెప్పుకునేవాడు. "నేను పడ్డాను గానీ బీరువా పడలేదు. వదల్లేదు నేను."

వాళ్ళుండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఆసుపత్రికి వెళ్ళాలంటే మెట్ల మీద పిర్రలతో జరుగుతూ దిగేవాడు, అరగంట పట్టేది. ఆసుపత్రి తప్ప వీధి మొహం చూసి ఏడు నెలలైంది. అక్క ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనికి వెళుతూ, మంచం పక్కన నీళ్ళు, అన్నం, బకెట్టు పెట్టి, తలుపు బయట గడియ పెట్టుకుని పోయేది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? అదే భవనంలో కింది గది ఒకటి ఖాళీ అవుతోంది, వీధివైపు కిటికీ, గడపకు ఒక్క మెట్టు. అద్దె మాత్రం ఎక్కువ. వైకల్య భృతి వస్తే ఆ గది అందుతుంది. నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వనని ఇంటివాడు మాటిచ్చాడు.

భృతి రాలేదు. పరీక్ష చేసిన ఉద్యోగి పంపిన కాగితం చదివితే నాకు ఒళ్ళు మండిపోయింది. 'తానే లేచి నిలబడ్డారు. నవ్వుతూ సమాధానమిచ్చారు. చెప్పిన పెట్టెను ఎత్తి చూపారు. పనికి తగిన సామర్థ్యం ఉంది.'

"పెట్టె ఎందుకు ఎత్తావు బావా?"

"ఎత్తగలరా అని అడిగాడు."

"ఎత్తలేనని చెప్పొచ్చుగా!"

"ఖాళీ అట్టపెట్టెరా. అది కూడా ఎత్తలేనంటే వాడేమనుకుంటాడు?"

ఆ అట్టపెట్టె తర్వాత మూడు రోజులు మంచం మీద పక్కకు కూడా తిరగలేదు. ఆ మూడు రోజులు ఏ కాగితంలోనూ లేవు. వాళ్ళ పనిలో చేతకాదన్నవాణ్ణి మర్నాడు మేస్త్రీ పిలవడు. ముప్పై ఏళ్ళు ఆ మాట మింగి బతికినవాడు ఒక ఆఫీసు గదిలో దాన్ని ఎలా కక్కుతాడు?

నేను ట్రిబ్యునల్‌కు అప్పీలు రాశాను. విచారణ తారీఖు నెలాఖరుకు నాలుగు రోజుల ముందు పడింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం వెళ్ళి బావకు పాఠం చెప్పాను. నేను ట్రిబ్యునల్ వాళ్ళలా గొంతు సవరించుకుని అడిగేవాణ్ణి.

"మెట్లు ఎక్కగలరా?"

"నెమ్మదిగా ఎక్కుతానండి."

"అబ్బా! చేతకాదు అను బావా."

"మరీ అంత చేతకాకుండా ఏం లేనురా."

అక్క వంటగదిలోంచి గరిటె పట్టుకుని వచ్చింది. "నిన్న స్నానాల గదిలో పడితే నేను లేపానా, నీ పౌరుషం లేచి నిలబడిందా? ఆ ఒక్క ముక్క అనవయ్యా. నీ కాళ్ళు పట్టుకుంటాను." ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగో సాయంత్రానికి కూడా ఆ మాట ఆయన నోట రాలేదు.

దానికి నేనొక ఉపాయం ఆలోచించాను. బావ చెప్పకపోతే పక్కనున్నవాడు చెబుతాడు కదా! సొరుగు దగ్గరికి వెళ్ళాను. "అన్నా, బావ గురించి నీకు తెలిసింది ఉత్తరంలో రాసివ్వు. విచారణకు నువ్వూ రా," అన్నాను. అతను చేతులు తుడుచుకుని, అదెంత పని అన్నాడు. విచారణ రోజు పొద్దున ఇస్త్రీ చొక్కాతో వచ్చి, గట్టిగా అంటించిన కవరు నా చేతిలో పెట్టాడు.

"ఏం రాశావన్నా?"

"బాగా రాశాను. అంటించే ఇస్తాం మేం. విప్పింది ఎవరూ నమ్మరు."

విప్పి చూడొచ్చు. చూడలేదు. అంటించిన కవరును అంటించినట్టే పై ఆఫీసుకు పంపడం ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం. ఆ అలవాటు మీద నాకున్న గౌరవాన్ని తలుచుకుంటే ఈనాటికీ నన్ను నేనే చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

ట్రిబ్యునల్ గదిలో పెద్ద బల్ల, దాని వెనక ముగ్గురు. నడుమ అధ్యక్షురాలు, ఒక పక్క డాక్టరు, ఇంకో పక్క ఏదీ రాయకుండా అన్నీ వినే ఒక పెద్దాయన. బావ కూర్చోగానే బల్లను ఎగాదిగా చూసి, "కాళ్ళు విప్పకుండా ఈ తలుపులోంచి పట్టదురా ఇది," అని నా చెవిలో అన్నాడు. నవ్వాడు కూడా. సొరుగును బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను కవరు ఇచ్చాను. అధ్యక్షురాలు విప్పి, ముందు తనలో చదువుకుని, తర్వాత పైకి చదివింది.

'ఇతను నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఇంత గట్టి పనివాడు ఇంకొకడు లేడు. ఒక్కరోజు నాగా పెట్టడు. నొప్పి అని నోట అనడు. ఎంత బరువైనా ఎత్తుతాడు. చేతిలోది ఎప్పుడూ వదల్లేదు. ఇతన్ని తీసుకుంటే మీకు మాట రాదని హామీ ఇస్తున్నాను.'

సొరుగు జన్మలో రాసిన ఉత్తరాలన్నీ ఒకటే రకం, పని పోయినవాణ్ణి మరో మేస్త్రీ దగ్గర చేర్చడానికి. మనిషికి మేలు చేసే ఉత్తరం ఇంకో రకంగా ఉంటుందని అతనికి ఎవరు చెప్పారు? నేను చెప్పానా? అక్క నావైపు చూసిన చూపుకు తల దించుకున్నాను. బావ ముఖం మాత్రం వెలిగిపోతోంది. నిటారుగా కూర్చున్నాడు. నడుము ఎంత మండుతోందో, అయినా నిటారుగానే కూర్చున్నాడు.

సొరుగును లోపలికి పిలిచారు.

"ఇది మీరు రాసిందేనా? అంతా నిజమేనా?"

"నిజమేనమ్మా."

"అయితే ఇతను ఇప్పుడూ బరువులు ఎత్తగలరు. పని చేసుకోగలరు. అంతేనా?"

సొరుగు నోరు తెరిచి ఆగిపోయాడు. అప్పటికి గాని అతనికి తలకెక్కలేదు. నన్ను చూశాడు, అక్కను చూశాడు. అక్క చీర చెంగు నోట్లో కుక్కుకుని ఉంది. డాక్టరు ముందుకు వంగాడు. "పడిపోకముందు ఏడాది రెండేళ్ళు ఇతను మామూలుగానే బరువు మోశారా?"

"అమ్మా," అన్నాడు సొరుగు అధ్యక్షురాలితో, "అన్నను కాసేపు బయట కూర్చోమంటారా? చెప్తాను."

"కుదరదు. అప్పీలు ఆయనది. ఏం చెప్పినా ఆయన ఎదుటే చెప్పాలి."

సొరుగు చొక్కా అంచు పట్టుకుని, కిందికి చూస్తూ మొదలుపెట్టాడు.

"నాకు కళ్ళు తిరగవమ్మా. ఎప్పుడూ తిరగలేదు. అన్న కాలు లాగడం నేను ముందే చూశాను. కింద ఉంటే ఏదో ఒక రోజు బరువు మీద పడి చచ్చిపోతాడని భయమేసింది. పైకి పొమ్మంటే పోడు. అందుకని నాకే రోగమని చెప్పాను. తాడు కూడా బరువు నావైపు వచ్చేట్టు కట్టేవాణ్ణి. అన్న పైన చెయ్యి వేసేవాడు, దారి చెప్పేవాడు. అంతే. రెండేళ్ళూ అంతే."

"పడిన రోజు?" అన్నాడు డాక్టరు.

"ఆ రోజు బీరువా నా భుజం మీదే ఉందయ్యా. అన్న చేతులు అప్పటికే వదిలేశాయి."

నేను బావ వైపు చూడలేకపోయాను. చూడకుండా ఉండలేకపోయాను. ఆ ముఖంలో కోపం ఉంటే బాగుండేది. ఏమీ లేదు. ఎవరో లోపలికొచ్చి ఇంట్లో సామానంతా పట్టుకుపోయినట్టుంది. నిటారుగా ఉన్న నడుము కొద్దికొద్దిగా వంగి కుర్చీ వీపుకు ఆనింది.

"మీరేమైనా చెబుతారా?" అని అధ్యక్షురాలు ఆయన్ని అడిగింది. గొంతు మెత్తగానే ఉంది.

బావ బల్ల అంచు మీద వేలు పెట్టి చూశాడు. "చేతకాదమ్మా," అన్నాడు. మళ్ళీ, "నాకు ఏదీ చేతకాదు," అన్నాడు.

మమ్మల్ని బయటికి పంపి, ఇరవై నిమిషాలకు పిలిచి, అప్పీలు మంజూరైందన్నారు. అక్క అక్కడే ఏడ్చేసింది. నేను దండం పెట్టాను, ఎవరికి పెట్టానో తెలియదు. గెలిచినవాడు మాత్రం, "పోదాం పద గుమాస్తా," అన్నాడు. నడవాలో సొరుగు లేచి నిలబడి, "అన్నా," అన్నాడు. బావ నా భుజం పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, అతన్ని దాటి వెళ్ళిపోయాడు.

కింది గది దొరికింది. మారే రోజు సొరుగు ఎవరూ పిలవకుండానే వచ్చాడు, వెంట కొత్త జోడీని తెచ్చుకున్నాడు. గడపలో నిలబడితే అక్కే, "రా నాయనా," అంది. మంచం, బీరువా, గిన్నెల పెట్టెలు అన్నీ దిగిపోయాయి. ఆ సేపంతా బావ కిటికీ వైపు తిరిగి ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి మిగిలింది ఆయనే. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నడుముకు పట్టీ కట్టారు. కొత్తవాడు వెనక నుంచి కుర్చీ వీపు పట్టుకున్నాడు. సొరుగు ముందు వంగి కుర్చీ కాళ్ళు పట్టుకుని, వెనక్కి నడుస్తూ దిగడం మొదలుపెట్టాడు. ఇద్దరి ముఖాలకూ మధ్య మూరెడు దూరం లేదు. బావ అతని నెత్తి మీదుగా ఎటో చూస్తున్నాడు.

కొత్తవాడికి దారి చెప్పడం రాదు. మొదటి మలుపులో సొరుగు మడమ మెట్టు అంచు తప్పి, కుర్చీ ఒక పక్కకు ఒరిగింది. నేను కెవ్వుమన్నాను.

"ఎడమకి," అన్నాడు బావ.

సొరుగు ఎడమకు జరిగాడు.

"మెట్టు. ఇంకో మెట్టు. గోడ చూసుకో. మెట్టు."

అలా మూడంతస్తులూ ఆయనే దించాడు. అక్క వెనకాల దిండ్లు పట్టుకుని దిగుతూ, ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. నాకు ఎక్కడో ఆశ పుట్టింది. మాట కలిసింది కదా, మెల్లగా మనసూ కలుస్తుందనుకున్నాను.

కింది గదిలో, వీధి కిటికీ దగ్గర కుర్చీ దించారు. చప్పుడు కాకుండా దించారు. సొరుగు చొక్కా వీపున చెమటకు అతుక్కుపోయింది, రొప్పుతున్నాడు, భుజం పట్టుకుని రుద్దుకుంటున్నాడు. బావ అప్పుడు అతన్ని చూశాడు, ట్రిబ్యునల్ తర్వాత అదే మొదటిసారి.

"ఎంత బరువున్నానురా?"

సొరుగు ఊపిరి తిప్పుకుని నవ్వాడు. "బరువేముందన్నా! ఏం లేవు నువ్వు."

"నీకేం బరువనిపించదులే," అన్నాడు బావ. "ఇంక నువ్వు చెప్పే బరువు ఏదీ నమ్మనురా నేను."

సొరుగు వంగి పట్టీ విప్పి, చుట్టచుట్టి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఏడు నెలల తర్వాత వీధి కళ్ళెదుట ఉన్నా, అందులో వెళుతున్న ఆ ఒక్కడినీ చూడకుండా ఉండడానికి బావ కిటికీ మూసెయ్యమన్నాడు.