రెండో చరణం చివర

ఆవపల్లి సంతలో చింతపండు అమ్మే సింగమ్మ కూర్చోవాలన్నా లేవాలన్నా ముందు మోకాలి మీద చెయ్యి వేసి నిట్టూరుస్తుంది. ఆ చుట్టుపక్కల ప్రతి పెళ్లిలో మోగే నాట్ల పాట ఆమె పాడిందే. ఇప్పుడెవరైనా పాడమంటే "ఓపిక లేదు" అంటుంది. పడుచుతనంలో జగదల్‌పూర్‌లో క్యాసెట్లు చేసేవాళ్లు పిలిస్తే, చంటిబిడ్డను చంకనేసుకుని వెళ్లింది. రెండో చరణం చివర బిడ్డ ఏడ్చింది. పాట మొత్తం అయ్యాక మళ్లీ పాడమన్నారు కానీ, అలసిన గొంతు లేవలేదు. ఆ ఏడుపుతోనే పాట ఊళ్లకు పాకింది. ఆ వానాకాలమే బిడ్డ జ్వరంతో పోయింది.

మొన్న సంతలో మొబైల్ దుకాణం దుర్గేశ్ ఆ పాటే పెట్టాడు. రెండో చరణం అయిపోయింది, ఏడుపు రాలేదు. సింగమ్మ తలెత్తి చూసింది.

"కొత్త రికార్డు అత్తా! ఏడుపు తీసేసిండ్రు. ఎంత సాఫ్‌గ ఉందో సూడు."

"అది నా బిడ్డ గొంతు అయ్యా. దానిది ఫోటో సుత లేదు. పాతదే పెట్టు."

దుర్గేశ్ ఫోన్‌లో వెతికి పాతది పెట్టాడు. సింగమ్మ గంప అంచు పట్టుకుని కళ్లు మూసుకుంది. ఏడుపు వినిపించింది. ఆ వెంటనే తన పడుచు గొంతు మూడో చరణం అందుకోబోతుంటే, "ఇగ సాలు, ఆపు" అని గంప నెత్తికెత్తుకుంది.