కోచ్ లాగేసిన లేసులు

రియాద్ నుంచి దమ్మామ్ వెళ్లే రైల్లో నా ఎదుటి సీటులో యాభై దాటిన ఒక యూరప్ మహిళ కూర్చుంది. "మీదే ఊరు?" అని ఇంగ్లీషులో అడిగింది. గుంటూరు అన్నాను.

ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఐస్ హాకీ పెట్టిన మొదటిసారే ఆమె తన దేశం తరఫున ఆడిందట. ఇక్కడి అమ్మాయిలకు కోచ్‌గా వచ్చి, ఇప్పుడు ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, దేశం వదిలి వెళ్లిపోతోంది. ఎందుకని అడగబోతే, "మీదే ఊరు?" అంది మళ్లీ. వినలేదేమో అనుకుని మళ్లీ చెప్పాను.

చేతిసంచిలోంచి పొడవాటి తెల్ల లేసులు తీసింది.

"మా గోల్‌కీపర్ స్కేట్లవి. పడి తలకు దెబ్బ తగిలింది. కళ్లు తిరుగుతున్నా ఫైనల్ ఆడతానని ఒకటే ఏడుపు. మేనేజరూ ఆడించమన్నాడు. నేను లేసులు లాగేసి జేబులో పెట్టుకున్నాను. ఓడిపోయాం. నా ఉద్యోగం పోయింది. ఆ పిల్ల నా మొహం కూడా చూడలేదు."

"మీరు ఆమెను కాపాడారండీ!"

"ఒలింపిక్స్‌లో నేనూ అలాగే పడ్డాను. మా కోచ్ వంగి, తన చేత్తో నా లేసులు బిగించి మళ్లీ ఆటలోకి పంపాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు గుర్తులేదు. ఆయన ఫొటో మాత్రం ఇప్పటికీ మా హాల్లో ఉంది."

నాకు ఒళ్లు మండింది. ఉపవాసంతో సొమ్మసిల్లిన మనిషిని మహాభక్తురాలని పొగుడుతాం, అన్నం పెట్టబోయినవాణ్ణి పాపాత్ముడంటాం. ఈ గుడ్డితనం మా దేశంలోనే ఉందనుకున్నానని ఆవేశంగా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. లేసు వేలికి చుట్టుకుంటూ, "ఇంతకీ మీదే ఊరు?" అంది.

గుంటూరు అన్నాను, మొదటిసారి చెబుతున్నట్టు.