నేను చేసిన కుకీలు

మూడేళ్ల క్రితం శామీర్‌పేటలో ఒకరింట్లో వంటపని చేసేదాన్ని. మా మేడమ్ చేసే చాక్లెట్ చిప్ కుకీలు ప్రతిసారీ ఓవెన్‌లో అప్పడాల్లా పరుచుకుపోయేవి.

"వెన్న జల్దీ కరుగుతాంది మేడమ్. పిండిని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి సూద్దాం" అన్నాను. అలాగే పెట్టి, పైన చిటికెడు ఉప్పు చల్లి నేనే కాల్చాను. అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా వచ్చాయి.

వాళ్ల పాప పుట్టినరోజున ఆ కుకీలను అందరూ మెచ్చుకున్నారు. ఒకావిడ నన్ను, "నువ్వు గూడ నేర్సుకున్నవా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మేడమ్, "దానికి గిన్నెలు తోముడే వస్తది. వీటిని ముట్టనియ్యను" అంది. అందరూ నవ్వారు. ట్రే పట్టుకుని నేనూ నవ్వాను.

మర్నాడే పని మానేశాను. మేడమ్ మీద కోపం ఎప్పుడో పోయింది. వాళ్లతో కలిసి నవ్వినందుకు నా మీద నాకున్న కోపం మాత్రం ఇంకా పోలేదు.

— మరియమ్మ, సూరారం