ఆగమంటే ఆగని కారు

మా లక్సెట్టిపేటలో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్న ఆ కాలంలో, నడిచే కారు కన్నా ఆగిన కారే ఊరికి ఎక్కువ వినోదం. నడిచే కారు దుమ్ము రేపి పోతుంది, దాన్ని ఎంతసేపని చూస్తాం? ఆగిన కారైతే చుట్టూ చేరి, బానెట్ లోపలికి తొంగిచూసి, తలా ఒక సలహా పారేసి, కడుపు నిండినట్టు ఇళ్లకు పోవచ్చు. ఆ లెక్కన మా చిన్నబాపు ఊరికి చేసిన సేవ తక్కువది కాదు.

చిన్నబాపు అంటే మా బాపుకు, అదే మా నాన్నకు, తమ్ముడు. ముప్పై దాటినా పెళ్లి మాట ఎత్తనివ్వకుండా వ్యవసాయం చూసుకునే మనిషి. మంచిర్యాలలో ఒక ముసలి డాక్టరు గారు అమ్ముతుంటే ఆయన పాత ఆకుపచ్చ కారు కొనుక్కొచ్చాడు. పొద్దున పూట అది చెప్పినట్టు వినేది. ఎండెక్కి ఇంజను కాగిందంటే మాత్రం, దగ్గూ తుమ్మూ లేకుండా, మాట మధ్యలో నిద్రపోయిన మనిషిలా టక్కున ఆగిపోయేది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ బయల్దేరేది. మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే అక్కడ ఒక్కసారి కూడా ఆగేది కాదు. (ఆయన మమ్మల్ని చూసే చూపులో రోగం బండికి కాదు, మాకే అన్నట్టుండేది.)

దానికి ఇంట్లో వైద్యులకు కొదవ లేదు. చిన్నబాపు ప్లగ్గులన్నీ విప్పి గరుకు కాగితంతో రుద్ది బిగించేవాడు. బండి స్టార్టయ్యేది. "సూసిండ్రా, నేను జెప్పలే?" అనేవాడు. ఆయన దోస్తు, బట్టల దుకాణం నడిపే సేట్ కాక, "అరే భాయ్, కార్బొరేటర్ల కచరా ఉన్నది" అంటూ దాన్ని ఊడదీసి, బుగ్గలు పూరీల్లా ఉబ్బించి ఊదేవాడు. బండి స్టార్టయ్యేది. మా బాపమ్మ, అంటే బాపు వాళ్ల అమ్మ, గుప్పెడు ఉప్పు దిష్టి తీసి, ధర్మపురి నర్సన్న దేవుడికి తనకొచ్చిన దండకమంతా అప్పజెప్పేది. బండి స్టార్టయ్యేది! ఇక నేను కరీంనగర్‌లో బీఎస్సీ చదువుతున్న పిల్లను. నాది సైన్సు. వేడికి పెట్రోలు ఆవిరై గొట్టంలో అడ్డుపడుతోందని ఎక్కడో చదివి, పెట్రోలు తోడే పంపు మీద తడిబట్ట కప్పేదాన్ని. బట్ట తడపడానికి ఏ పొలంలోని బావి దగ్గరికో పోయి తిరిగొచ్చేసరికి బండి స్టార్టయ్యేది. అందరి మందూ పనిచేసేది, రోగం మాత్రం అట్లాగే ఉండేది. దాని మీద మేం పడే కొట్లాటలకు అంతు లేదు.

ఈ వైభోగంలో ఉండగా బాపమ్మ పంతం నెగ్గి, ధర్మపురిలో లెక్కల టీచరుగా పనిచేసే అమ్మాయిని చూడడానికి చిన్నబాపు ఒప్పుకున్నాడు. కారులోనే పోవాలన్నది ఆయన షరతు. మంచి ఘడియ మిట్ట మధ్యాహ్నం పడింది. ఎండాకాలం. చిన్నబాపు పట్టు కండువా వేసుకున్నాడు, సేట్ కాక అత్తరు పూసుకున్నాడు. బాపమ్మా నేనూ వెనక ఎక్కాం. గోదావరి వంతెన దాటి, ధర్మపురి చేరి, సరిగ్గా పిల్ల వాళ్ల వాకిట్లో కారు టక్కుమని ఆగింది. దిగాల్సింది ఎట్లాగూ అక్కడే కదా, దిగి లోపలికి పోతే ఎంత మర్యాదగా ఉండేది! మేం పోలేదు. అలవాటు కొద్దీ నలుగురం ఒక్కసారే బానెట్ మీద పడ్డాం. ప్లగ్గులు, ఊదుడు, ఉప్పు, తడిబట్ట. అరుగు మీద నిలబడి వాళ్ల ఇంటిల్లిపాదీ చూస్తున్నారు. కొంతసేపటికి బండి గుర్రుమంది. చేతులు మసి, కండువా మసి, ముక్కు కొస కూడా మసి పూసుకున్న పెళ్లికొడుకు ఘనంగా నవ్వాడు.

చెంబుతో నీళ్లు తెచ్చిన టీచరమ్మ తల వంచుకోలేదు. "ఎవరి మందుతోని నడిచింది?" అని అడిగింది. "నాతోనే!" అని నలుగురం అరిచాం.

"అందరు ఒక్కపారె జేస్తె ఎట్ల ఎరుకైతది? ఏం జెయ్యకుంట ఊకె కూసుంటె ఏమైతదో ఎన్నడన్న సూసిండ్రా?"

"సూడలే" అన్నాడు చిన్నబాపు, హోంవర్కు చేయని పిల్లవాడిలా.

"అయితె ఇప్పుడు సూద్దాం. ఆపుండ్రి."

"మనం ఆపితె అది ఆగినట్టు గాదు. దానికదే ఆగాలె. దాన్ని మల్ల ఉడికియ్యాలె" అన్నాడు చిన్నబాపు. టీచరమ్మ చెంబు అరుగు మీద పెట్టి వెనక సీట్లో ఎక్కింది.

"పిల్లను సూడొచ్చినోల్లు పిల్లను కార్ల ఎక్కిచ్చుకపోవుడేంది?" అని వాళ్ల బాపు గర్జించాడు. గర్జిస్తూనే తనూ ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. ఆయన పక్కన సేట్ కాక ఇరుక్కున్నాడు. వెనక బాపమ్మ, నేను, మధ్యలో టీచరమ్మ. జగిత్యాల రోడ్డు మీద పోయాం, వచ్చాం, మళ్లీ పోయాం. మహాతల్లి ఆగితేనా! చిన్నబాపు పరువు రెండోసారి పోతోంది. "రోజు ఇజ్జత్ దీసేది, ఇయ్యాల సూడు, రైలు లెక్క ఉరుకుతున్నది" అని వాపోయాడు. "గాలి తాకితె సల్లవడుతది, అద్దాలు ఎక్కియ్యుండ్రి" అని బాపమ్మ ఆజ్ఞాపించింది. ఎక్కించాం. లోపల మేం ఉడికాం గానీ ఇంజను ఉడకలేదు. ఇన్నాళ్లూ బండి నడవాలని మొక్కిన బాపమ్మ చేతులు జోడించి, "నర్సన్నా, జర ఆపు తండ్రీ" అంది. టీచరమ్మకు నవ్వు ఆగలేదు, ఆమెను చూసి నాకు ఆగలేదు. అప్పటిదాకా మొహం ముడుచుకున్న వాళ్ల బాపు కూడా చెమట తుడుచుకుంటూ, "ఇంకో సుట్టు గొట్టు, ఎట్లాగదో సూద్దాం!" అని డ్యాష్‌బోర్డు మీద చరిచాడు.

అప్పుడు ఆగింది. మేం చప్పట్లు కొట్టి కేకలు పెట్టాం. అటు పోతున్న ఎడ్లబండి ఆయన, "ఏమైంది, దెబ్బలేమన్న తాకినయా?" అని కంగారుగా అడిగాడు. "లేదు, ఆగింది! మా కారు ఆగింది!" అని బాపమ్మ సంబరంగా చెప్పింది. ఆయన మమ్మల్ని ఎగాదిగా చూసి ఎడ్లను అదిలించాడు.

ఇక ఏమీ చేయకుండా కూర్చోవాలి. అంత కష్టమైన పని మా వంశంలో ఎవరూ చేసి ఉండరు. చిన్నబాపు చేయి ప్లగ్గుల వైపు పోతుంటే, "చేతులు కట్టుకోండ్రి" అంది టీచరమ్మ. కట్టుకున్నాడు. కాసేపాగి సెల్ఫ్ కొడితే బండి హాయిగా లేచింది. నలుగురి విద్యలూ ఒక్క దెబ్బకు గోదాట్లో కలిశాయి.

"సల్లవడితె అదే నడుస్తది. ఏది సల్లవడాల్నో గదే తెల్వాలె" అంది ఆమె.

వేడి మీదుంది కాబట్టి కొద్ది దూరానికే మళ్లీ ఆగింది. ఈసారి ఆలస్యం చేయకుండా, రేడియేటర్ కోసం తెచ్చిన డబ్బాలోని నీళ్లతో ముందు నా పంపును తడిపారు. కదల్లేదు. (నా సైన్సుకు అది రెండో చావు.) చిన్నబాపు ఒక్కొక్కటీ తాకి చూస్తూ, "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఇంజనుకు ఆనించి బిగించిన కాయిలు, ప్లగ్గులకు కరెంటు పంపే ఆ డబ్బా, పెనంలా కాలుతోంది. పట్టు కండువా తడిపి దానికి చుట్టాడు. సుయ్యిమంది. ఒకటి రెండుసార్లు నీళ్లు పోసి సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. నేను గట్టిగా ఈల వేశాను. సేట్ కాక, టీచరమ్మ బాపు ఒకరినొకరు కావలించుకున్నారు. వాళ్లకు అప్పటికింకా పరిచయమైనా కాలేదు.

టీచరమ్మ వాళ్లింటికి తిరిగొచ్చాక, "పిల్లగాన్ని ఏమన్న అడుగుతవా?" అని వాళ్ల బాపు అంటే ఆమె తల అడ్డంగా ఊపింది. "అడిగేదేమున్నది? చెప్పింది ఇంటున్నడు" అంది. చిన్నబాపు మసి ముక్కు ఎర్రబడింది. కొత్త కాయిలు ఇంజనుకు దూరంగా బిగించారు, పెళ్లీ అయింది, ఆమె మాకు చిన్నమ్మ అయింది.

ఇప్పుడు నాకూ జుట్టు తెల్లబడింది. ఇంట్లో ఏదైనా చెడితే ఫోన్ చేస్తాను, ఎవరో వచ్చి పట్టుకుపోతారు, ఎందుకు చెడిందని కూడా అడగను. అట్లాంటప్పుడు ఒక్కోసారి అప్పటి నేను, ఆ బక్కపలచని పిల్ల, గుర్తొస్తుంది. చెమటకు జడ మెడకంటుకొని, తన సైన్సు తప్పని తేలినందుకు కూడా అందరికన్నా గట్టిగా ఈల వేసింది. ఈల వేయడం నేను ఎప్పుడు మానేశానో గుర్తు లేదు. నిన్న వంటింట్లో ఎవరూ లేకుండా చూసి ఒకసారి ప్రయత్నించాను. గాలి మాత్రమే వచ్చింది.